రూతు సిస్టరు ఇడిసొచ్చిన దీపాలు

"అమ్మమ్మా, మీ పక్క క్వార్టరుల ఉన్న యూదుల నర్సమ్మ ముచ్చట చెప్తనంటివి గద."

చెప్త, ఆ టీవీ బందు పెట్టు జర. అన్యాయమైంది రూతు సిస్టరుకు, వాళ్లమ్మకు. ఎప్పుడంటవా, రెండో ప్రపంచ యుద్ధంల... కాదు, యుద్ధం ఒడిసిన మరుసటేడు. ఒడిసినంక ఇంక అన్యాయమేందంటరు చదువుకున్నోళ్లు. వాళ్లకేం, పుస్తకంల ఆ పాఠం ఐపోయింది.

ఆమెది పోలండు. యుద్ధంల వాళ్ల నాయినను, అన్నను యూదులని చంపిన్రు. తల్లీబిడ్డలు అడవుల దాక్కొని, పానం దక్కించుకొని సొంతింటికొచ్చిన్రు. ఇంతల పెద్ద దేశాలోళ్లు కూసొని సరిహద్దు గీత జరిపిన్రు. ఇల్లున్న జాగ ఇంకో దేశం కిందికి పోయింది. మీరు గీత అవతలికి నడువున్రి అన్నరు.

నాకెట్ల తెలుసంటవా? మీ తాత మిషన్ దవాఖానల కాంపౌండరు గద, పెండ్లయినంక ఈ వరంగల్లుకొచ్చిన. రూతు సిస్టరు దేశాలు తిరిగి అదే దవాఖానకు నర్సుగ వచ్చి, మా పక్క క్వార్టరుల ఉంటుండె. రూతు అనే పేరు చూసి ఆమె మనోళ్లే అనుకున్నరు అందరు. చర్చికి రాదని మా అత్త గొణుగుతుండె. మా అత్త నోరు నువ్వు ఇనలే, కిరసనాయిలు బండాయన మా గల్లీకి రానీకే భయపడుతుండె. నేను బడి మొఖం చూడలే గని బైబులు అట్ట నుంచి అట్టదాంక చదివిన. శుక్రారం పొద్దుగూకకముందే రెండు కొవ్వొత్తులు ముట్టిస్తుంటే, ఈమె యూదురాలని నాకు తెల్వదా? శనారం పొద్దుగూకేదాంక వాళ్లకు విశ్రాంతి దినం, అగ్గి ముట్టియ్యదు, ఆర్పదు. దవాఖాన పని మాత్రం, పానం మీదికొస్తే అన్నీ చెల్లుతయనేది.

ఒక శుక్రారం నర్సంపేట దిక్కు నుంచి ఎడ్లబండిల కాన్పు కేసొచ్చింది. ఆమె మా తలుపు కాడ నిలవడి, "సుగుణా, నా గదిల కొవ్వొత్తులు ఎలుగుతున్నయి" అన్నది.

"ఆర్పుమంటవా సిస్టరూ?"

మాట్లాడది.

"అవుననన్న అను, కాదనన్న అను. నీ మొఖం చూసి నేనేం తెలుసుకోవాలె?"

అట్లనే నిలవడ్డది. "పో, వాటి కాడ నేను కూసుంట తియ్యి" అని ఇసుక్కుంటే పోయింది.

తెల్లారి చెప్పింది. ఆ దినం వాళ్లకు ఆర్పనీకి లేదు, ఇంకొకరిని ఆర్పుమననీకి గూడ లేదు. ఊకె సంగతి చెవినేస్తరు, అర్థం చేసుకునేది ఎదుటోళ్లు. వాళ్లూర్ల పక్కింటామె యూదురాలు కాదు. వాళ్లమ్మ "పొయ్యి మస్తు మండుతాంది" అంటే చాలు, వచ్చి చల్లార్చి పోతుండె. ఏండ్లకేండ్లు అట్లనే. అంత దోస్తాన్.

వాళ్లను గీత అవతలికి తీస్కపోనీకి ఆదివారం వస్తదన్న లారీ శుక్రారమే వచ్చింది, దీపాలు ముట్టించినంక. చేతికి దొరికింది మూటగట్టుకున్నరు. వాళ్లమ్మ దీపాలు ఆర్పలే. కర్ర ఇల్లది, ఏమనుకున్నవ్. బండెక్కుడు గూడ తప్పే ఆ దినం. "లారీకి లేని పట్టింపు దీపానికెందుకే అమ్మా" అని ఈమె అడిగిందట. "లారీ వాళ్ల హుకుం. ఊదితె అది నా పని" అన్నదట తల్లి.

పక్కింటామె తన గడప మీద నిలవడి చూస్తాంది. "లోపల దీపాలున్నయి" అన్నది తల్లి.

"కనవడుతున్నయి" అన్నదట ఆమె. తన తలుపు దగ్గరికేసి గడియ పెట్టుకున్నదట.

సిపాయిలకు భయపడ్డదేమో సుగుణా, అంటుండె రూతు సిస్టరు. భయమో, ఇంకేందో. నేనైతే ఊకుందునా.

గీత దాటిన చలికాలమే తల్లి సచ్చిపోయింది. జరంల గూడ అదే మాటనట, ఆర్పిందంటవా, ఆర్పిందంటవా అని.

శానేండ్లకు రాకపోకలు మొదలైనంక, టికెట్టు మేం పెట్టుకుంటం, పోయి ఇల్లు చూసి రమ్మన్నడు పెద్ద డాక్టరు. నేను గూడ పోరు పెట్టిన. పోలే.

"కాలితే, కాల్చింది మా అమ్మ. కాలకపోతే, అండ్ల ఇంకోళ్లు బువ్వ తింటుంటరు. రెండిట్ల ఏది చూసి రమ్మంటవు సుగుణా?" అన్నది.

నాతోని మాటల ఎవ్వరు గెలువరు, నీకెరికే గద. ఆ దినం సంది పొమ్మని పోరు పెట్టుడు బందు చేసిన. ఆమె ఈడనే, మన వరంగల్లు మట్టిలనే కలిసిపాయె...

నువ్వు ఏ ఊర్ల ఇల్లు కట్టుకున్నా, అండ్లకెల్లి నిన్ను పొమ్మనేటోడు పుట్టకుండుగాక బిడ్డా. లే, అన్నం సల్లారుతాంది.