ఎండ్రకాయ నొక్కిన బటన్

ఎన్నూరు కరెంటు ప్లాంటులో తయారీ ఆగినా తిరువొత్తియూరులో కిట్టు కోతలు ఆగవు. మధ్యాహ్నం మూడున్నరకి, ఆఫీసు మెట్ల కింద చెల్లమ్మ టీకొట్టు దగ్గర, గ్లాసు చేతికి అందీ అందకముందే మొదలుపెట్టేశాడు.

సింధూరికి మామూలుగా ఆ కోతలంటే ఇష్టమే. ఇవాళ మాత్రం మాటిమాటికీ టైము చూసుకుంటోంది. నాలుగింటికి రాజలక్ష్మి మేడం ఒక సంగతి తేల్చాలి. రెండేసి వారాల విడతల్లో సాగే పనిలో, సింధూరి గీసిన స్క్రీన్లు ముందు యాప్ వాడే అంగళ్ల వాళ్లకి చూపించి, ఆ తర్వాత కోడు రాయాలా? లేక ఎప్పట్లా కిట్టు అంతా రాసి పారేశాక సింధూరి వచ్చి రంగులు పూయాలా? గోడ కట్టేసి కిటికీ ఎక్కడ పెడదామని అడిగే ఈ పద్ధతితో ఆర్నెల్లుగా ఆమె ప్రాణం విసిగిపోయింది. తీర్పు చెప్పాల్సిన మేడమేమో బెంచీ మీద కూర్చుని కిట్టు మాటలకి నవ్వుతోంది.

“ముందు గీసేది, చూపించేది, మళ్లీ గీసేది... ఎందుకు మేడం ఆ తిప్పలు? మన సరుకుల యాప్‌లో ఆర్డర్ బటన్ ఉందే, దాన్ని ఒకనాడు పొద్దున మీటింగులో నిలబడే గీసినా, నిలబడే కోడు రాసినా. పదిహేను నిమిషాలు!”

“కూర్చోనుంటే పదే పట్టేది గదన్నా,” అంది సింధూరి.

“అదే చెప్తాండా! నేరుగా ఎన్నూరు రేవుకి పోయి పడవలో టెస్టింగ్ పెట్టినా. ఒక పెద్దాయన, అద్దాలు ఇంట్లో మరిచొచ్చినాడు, అయినా మొదటి నొక్కుకే ఐసు ఆర్డరు చేసేసినాడు. ఆ సంతోషంలో గంతేస్తే పడవ ఊగి, ఫోను నీళ్లలో పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఫోను ఈదుకుంటా వచ్చిందా?” బజ్జీ నములుతూ అడిగాడు టెస్టర్ ఆంటో.

“ఫోనెక్కడన్నా ఈదుతుందా? నోటికొచ్చిన అబద్ధాలాడొద్దు!” కిట్టుకి నిజంగానే కోపమొచ్చింది. “అడుగున బురదలో ఎండ్రకాయ ఉండ్లా? చదువూ సంధ్యా లేని ఎండ్రకాయ. ఎవురూ నేర్పలా. డెక్కతో టక్కుమని నొక్కింది. పది నిమిషాల్లో రెండు పెట్టెల ఐసొచ్చి ఒడ్డున దిగింది!”

“దానికి ఐసెందుకన్నా?” అన్నాడు ఆంటో.

“ఎండాకాలం గదా!”

మేడం పొట్ట పట్టుకుంది. ఆమె నవ్వే కొద్దీ తన స్క్రీన్లు దూరం జరుగుతున్నట్టుంది సింధూరికి. అయినా నవ్వు ఆపుకోలేకపోయింది.

“అంతటితో అయిందా? శుక్రవారం మీటింగుకి దాన్ని బకెట్లో తెచ్చినా. రెండు డెక్కలూ ఎత్తి, మార్పులేం వద్దనేసింది. ఆ వారమే ఎన్నూరు ఎండ్రకాయలన్నీ వరసగట్టి యాప్ దించుకున్యాయి, లక్ష! చెప్పొచ్చేదేందంటే మేడం, అడ్డంగా నడిచే జీవానికే నేరుగా అర్థమైన బటన్, దానికి ముందుగా డిజైనెందుకు?”

పాలు పొంగకుండా మంట తగ్గించి, చెల్లమ్మ ఇటు తిరిగింది. “కిట్టప్పా, ఆ ఎండ్రకాయని ఒకసారి ఈడికి తీసకరా. నాకు పాల ఆర్డరు పెట్టిస్తది.”

తన ఫోను కొంగుతో తుడిచి, అదే యాప్ తెరిచి మేడం చేతిలో పెట్టింది. తెర తెల్లగా ఉంది. బటనేదీ కనబడలేదు. కింద కుడి మూల అద్దం మీద మాత్రం ఎర్రటి స్టిక్కర్ బొట్టు.

“తెలుపు మీద తెలుపు గదమ్మా, యాడ నొక్కాలో తెలిసేదెట్ట? నా కూతురు చోటు కనిపెట్టి బొట్టు అంటించి పోయింది. మొన్న అది రాలిపోయి రెండు దినాలు పాలే రాలా. ఆ పాలు లేని టీ నువ్వూ తాగితివే కిట్టప్పా, కొత్త రకం బాగుందని!”

బెంచీ అంతా గొల్లుమంది. మేడం ఒక్కతే బొట్టు మీద వేలు పెట్టి చూస్తోంది.

“సింధూరీ, నీ స్క్రీన్లు కాగితాల మీదున్నాయా?”

నెలనాళ్లుగా సంచీలోనే ఉన్నాయి. సింధూరి వాటిని బెంచీ మీద పరిచింది. చెల్లమ్మ వంగి చూసి, ఎవరూ అడక్కముందే ఒకచోట వేలు ఆనించింది.

“పాలకి నొక్కేది ఇదే గదా?”

“ఇకమీదట ముందు ఈ బెంచీ, తర్వాతే నీ కోడు,” అంది మేడం కిట్టుతో. ఇంకా నాలుగు కూడా కాలేదు.

కిట్టు గ్లాసు ఖాళీ చేసి, గొంతు సవరించుకున్నాడు.

“నిజం చెప్పాలంటే మేడం, ఆ ఎండ్రకాయ కూడా బటన్ ఎర్రగా పెట్టమనింది. నేనే వినుకోలా.”