మెషీన్ లేపే మనిషి

దేవసూగూరు. కరెంటు ప్లాంటులో కొత్తగా ట్రైనింగుకు చేరిన మేఘ, అదే ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చిన తండ్రి సుంకప్పకు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“నాయినా, ఒక్క లైను! ఒక్కటే లైను రాసిన, మా ఇంజనీరు పాటీల్ సార్ శభాష్ అన్నడు!”

“అరె వా! జర చెప్పులన్న ఇడవనియ్యే. ఏం లైను?”

“బాయిలర్ రీడింగులు పట్టే ప్రోగ్రాం లేదూ, కంప్యూటర్ రూముల యునిక్స్ మెషీన్‌ల? కరెంటు పోయి మెషీన్ బందైతే, అది మళ్ల లేసినా ప్రోగ్రాం లేవకపోయేది. మనిషొచ్చి టైపు చేస్తేనే నడిచేది.”

“అవ్... చేస్తేనే నడిచేది.”

“ఇగ అక్కర్లే! మెషీన్ లేవంగనే చదువుకునే ఫైలొకటి ఉంటది. దాంట్ల రాసి, చివర్ల ఒక గుర్తు పెట్టిన. ఆ గుర్తుంటే ప్రోగ్రాం ఎనకెనకనే నడుస్తది, ఎవ్వరికీ కనపడదు.”

“ఎవ్వరికీ కనపడకుంట... బంద్ చేసి చూసిన్రా? లేసిందా?”

“చూసినం, లేసింది! ‘నీ నౌకరి పక్కా’ అన్నడు సార్. ఆ లేపే కాంట్రాక్టు మనిషిని ఒకటో తారీకు నుంచి రావద్దంటడంట.”

“ఆ మనిషిని... రావద్దంటడా.”

“ఏంది నాయినా, ఖుషి కాలేదా?”

“అయిన బిడ్డా. ఎందుకు కాను? నీళ్లియ్యి.”

“నాయినా.”

“నీళ్లియ్యమంటే—”

“కంప్యూటర్ రూముల ఏసీ చూస్త, బ్యాటరీలు చూస్త అంటివి గద?”

“అవి గూడ చూస్త.”

“గూడనా? లేపేది నువ్వేనా! నాకెందుకు చెప్పలే?”

“ఏం చెప్పాలె? ఆ అక్షరాలేందో నాకు తెల్వదు, నా వేళ్లకు తెలుసు. కంప్యూటర్ చదివిన బిడ్డకు అది చెప్పుకుంటరా?”

“నీ నోటికాడి ముద్ద నేనే గుంజుకుంటి గద నాయినా! రేప్పొద్దుగాల ఆ లైను తీసేస్త.”

“ముట్టుకుంటే నా మీద ఒట్టు! పిచ్చిదానా, నీ నౌకరి దాని మీదనే ఉంది.”

“అయితే సార్‌కు చెప్త. ఆయన మా నాయిన అని—”

“ఆ మాటే వద్దు. మనం తండ్రీబిడ్డలమని అక్కడెవరికీ తెల్వదు. సార్‌కు జాలి పుట్టి లైను తీపిచ్చిండనుకో, నువ్వూ ఇంటికొస్తవ్, నేనూ ఎన్నాళ్లుంట? ఏడువకు. ఎవరో ఒకరు రాసేటోళ్లే. నా బిడ్డ రాసింది.”

“తెల్వనట్టు ఉండుడు నాతోని కాదు నాయినా.”

“అయితది. ఆఖరి దినం సార్ నన్ను పిలిచి, కంప్యూటర్ రూము తాళంచెవి నీకియ్యమంటడు. నేను ‘తీస్కోండి మేడం’ అంట. నా మొఖం దిక్కు చూడకుంట తీస్కో.”