డెల్ఫీ శుభ్రం చేసిన పుస్తకం

ఆ రోజు ఇంట్లో ముగ్గురే: ఆటీ అమ్మమ్మ, మనవరాలు డెల్ఫీ, పాత పుస్తకాల కోసం అమెరికాలోని కెంటకీ కొండలన్నీ ఎక్కిదిగే ప్రూయిట్ గారు.

"ఇదేనా పెద్దమ్మా? మన కొండ కథల పుస్తకం, మొదటి అచ్చు! అట్ట కూడా చెక్కుచెదరలేదే!"

"అట్ట సంగతి సరే, లోపల చూడవయ్యా. కథలన్నీ జడ్జిగారి భార్య చెప్పిందని అచ్చేశారు కదా? అబద్ధం. చెప్పింది మా అమ్మ. ఏ కథ ఎక్కడ, ఎవరికి చెప్పిందో అంచుల్లో పెన్సిలుతో రాసుంది."

"ఏ పేజీలో?"

"ప్రతి పేజీలోనూ. నాకు చదువు రాదుగానీ, రాత కనిపించదూ?"

"ఏమీ లేదు పెద్దమ్మా."

"కళ్లజోడు తుడుచుకో."

"తుడుచుకున్నా. కాగితం పాలలా తెల్లగా ఉంది."

"డెల్ఫీ! పొయ్యి వెనక నక్కావేమే?"

"కాఫీ... కాఫీ పెడుతున్నా."

"ఇందాకేగా తాగాం. పెట్టెలోంచి పుస్తకం తీశావా?"

"దుమ్ము దులిపానంతే."

"దులిపితే అక్షరాలు రాలతాయా?"

"ప్రూయిట్ గారే అన్నారు... చర్చి భోజనాలప్పుడు... ఒక్క గీత లేని ప్రతి దొరికితే కళ్లకద్దుకుంటానని."

"అన్నాను తల్లీ, కానీ... నువ్వేం చేశావు?"

"పెన్సిలు గీతలు పోయేలా రొట్టె లోపలి మెత్తటి ముద్దతో రుద్దాను. వారం రోజులు. కాగితం చిరక్కుండా."

"అన్నీనా?"

"అన్నీ."

"చెరిపేముందు చదివావా లేదా?"

"లేదు అమ్మమ్మా. అలుక్కుపోయున్నాయి. పిచ్చిరాతలనుకున్నా. పుస్తకం చూసి ఆయన నిన్ను మెచ్చుకోవాలని..."

"ప్రూయిట్, ఇప్పుడు మా అమ్మ పేరు పైకొచ్చేదెలా?"

"నేను నమ్ముతా పెద్దమ్మా. సాక్ష్యం లేందే ఇంకెవరు నమ్ముతారు?"

"ముత్తవ్వ రాసిందని నాకు తెలీదు అమ్మమ్మా, ఒట్టు!"

"ముత్తవ్వకి సంతకమే రాదు. ఆవిడ చెబుతుంటే రాసింది మీ అమ్మ, నిన్ను కడుపులో మోస్తూ. కథలయ్యాక నీకూ ఏదో రాసింది. పదిహేనేళ్లు నిండాక ఇమ్మంది. పురిట్లోనే పోయింది."

"అమ్మా? నాకు... నాకు రాసిందా?"

"వచ్చే ఆదివారానికి నిండుతాయి నీకు. పో, వసారాలోకి పో. నా కళ్లముందుండకు."

"పెద్దమ్మా, పసిపిల్ల..."

"నువ్వూరుకో ప్రూయిట్."

"తలుపెయ్యకు అమ్మమ్మా! అమ్మ ఏం రాసిందో చెప్పు, ఒక్క మాటైనా చెప్పు!"

"చెయ్యి తియ్యి, తలుపుసందులో నలుగుతుంది. ఏం రాసిందో నాకేం తెలుసే? నువ్వు చదివి వినిపిస్తావనేగా ఇన్నేళ్లూ కాచుక్కూర్చున్నా."