వాకిట్లో తిరిగే ఇంజను

సూరారంలో లేతు మిషన్ మీద పనిచేసే ఎల్లేష్, సొంతంగా తయారుచేసిన చిన్న ఆవిరి రైలింజనును వాకిట్లో పట్టాలెక్కించి అగ్గిపెట్టె తీశాడు. తల్లి సాయమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

“కుక్కరే పేలుతది, గిది పేలదా బిడ్డా?”

“ఆవిరి ఎక్కువైతే బయటికి పోయేటట్టు మూత పెట్టిన అమ్మా.”

“మరి నడుమ ఇరిగిందేంది?”

“ఇరగలే. వంగేటట్టు రెండు ముక్కలుగ జేసిన. మస్తు తిప్పలైంది.”

“అందరి లెక్క ఒక్కటే ముక్క జెయ్యకపోయినవ్?”

“అది గీ వాకిట్ల మలుపు తిరగదు. శామీర్‌పేట దిక్కు మైదానానికి తీస్కవోవాలె. ఆడికి పోతే నేనొచ్చేదాంక నువ్వు అన్నం ముట్టవు, గడప మీదకెల్లి లేవవు.”

సాయమ్మ గడప దిగి వచ్చింది. పట్టాల మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

“ఇగ ముట్టియ్యి. ముట్టిచ్చినంక మాత్రం నా ఎనకకొచ్చి నిలబడు.”