డాక్టరమ్మ అడిగిన వెంట్రుకలు

అధ్యక్షస్థానంలో ఉన్న ఆసుపత్రి పెద్దగారికి, వేదిక మీది పెద్దలకు, నా ముందు తల వంచని మగవాడంటూ లేని ఈ సభకు నమస్కారం. (నవ్వులు) సెలూన్ నడిపేవాణ్ణి. చేతిలో కత్తెర లేకుండా ఇంతమంది ముందు నిలబడటం ఇదే మొదలు.

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన చర్మవ్యాధుల డాక్టరమ్మ నాకు పరిచయమైంది మా ఆవిడ వల్ల. బట్టలు కుట్టే ఆ అరచేతుల్లో గట్టి బొడిపెలు లేచి, వీపంతా చినుకులు పడ్డట్టు నల్లమచ్చలు వచ్చి, అంటురోగమేమోనని చుట్టాలు కూడా దూరం జరిగిన రోజులవి. డాక్టరమ్మ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, "ఇది అంటుకునేది కాదమ్మా, తాగే నీళ్లలోంచి వచ్చి ఉంటుంది" అన్నారు. మర్నాడు నా దుకాణానికే వచ్చేశారు. "కటింగ్ వద్దుగానీ, మీ వీధివాళ్ల వెంట్రుకలు కావాలి. వాళ్లు సరేనంటేనే సుమా!" అన్నారు. నేను నోరు తెరిచాను.

అప్పుడు కుర్చీలో కూర్చుని విడమరిచి చెప్పారు. "నేలలోంచి నీళ్లలోకి దిగే ఆర్సెనిక్ అనే విషం ఉంది. దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. కడుపులోంచి రక్తంలో కలుస్తుంది. కాలేయం దాని రూపు మారుస్తుంది, మూత్రపిండాలు చాలావరకు బయటికి పంపేస్తాయి. రోజూ తాగుతుంటే మాత్రం వాటి వల్ల కాదు. మిగిలింది చర్మంలో, గోళ్లలో, వెంట్రుకల్లో చేరుతుంది. ఏళ్లు గడిస్తే నరాలు మొద్దుబారతాయి, కేన్సర్ కూడా రావచ్చు."

"కాచి తాగితేనో?" అన్నాను.

"నీళ్లు ఆవిరవుతాయి, విషం గిన్నెలోనే ఉంటుంది."

వెంట్రుకలూ నీళ్లూ పరీక్ష చేయిస్తే అదే తేలింది. మేమంతా తాగేది వీధి బోరు నీళ్లు. ఆ బోరు వేయించింది డాక్టరమ్మ తండ్రిగారే, నలుగురికీ ఉపయోగపడాలని. (ముందు వరుసలోని ఆ తండ్రి వైపు తిరిగి) పెద్దాయనా, మీరు లేవకండి, మంచిమాటే చెబుతున్నాను. కూతురు మొహమాటపడలేదు. అందరి ముందూ, "ఈ నీళ్లు తాగొద్దు" అని చెప్పేశారు. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆవిడ ఆ బాధ దిగమింగుకుని, వీధికి మంచినీళ్ల కుళాయి వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒకరోజు పెద్దాయన నా దగ్గర కటింగ్ చేయించుకుని, కుర్చీ దిగుతూ అన్నారు. "కత్తిరించినవి ఊడ్చెయ్యకోయ్. మా అమ్మాయికి పంపు. నేనూ ఆ నీళ్లే తాగాను." మర్నాడు ఆయనే దగ్గరుండి బోరు పిడి విప్పించారు, ఇంకెవరూ ఆ నీళ్లు కొట్టుకోకుండా.

మా ఆవిడ వెనక వరుసలో ఉంది. చేతులు కాస్త మెత్తబడ్డాయి, వేళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. "ఏమైనా చెప్పు, ఆ తండ్రి మాట ఎత్తకు, ఆవిడ ఏడుస్తారు" అంది. ఎత్తేశాను. డాక్టరమ్మా, కళ్లు తుడుచుకోండి, మేం అటు చూస్తాం.

ఇక హాయిగా విశ్రాంతి తీసుకుంటారనుకుంటే, వచ్చే వారం నుంచి పక్క పేట నీళ్ల సంగతి చూస్తారట! అక్కడ సెలూన్ నడిపేది మా బావమరిదే. "ఆవిడ వస్తే ముందు కుర్చీ వెయ్యి. ఏం అడిగినా నోరు తెరవకుండా ఇచ్చెయ్యి" అని చెప్పి ఉంచాను.

నన్ను ఇంతసేపు భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. దుకాణం దగ్గర గడ్డాలు ఎదురుచూస్తున్నాయి, సెలవు.