మూడు లాకులు, ఒక దున్నపోతు

మార్కండేయ స్వామి అందరినీ చల్లగా చూడాలి, పెంటప్పను మాత్రం మరికొంచెం ఎక్కువగా చూడాలి. ఎందుకంటే ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు, సోలాపూర్ భవాని పేట్‌లో ఓంకార్ చాయ్ బండి ముందు బల్ల మీద కూర్చున్న పెంటప్ప పరువంతా గోరంత ఇనప ముక్క దగ్గర ఇరుక్కుపోయి ఉంది.

సంగతేమిటంటే, ఆ గల్లీలో ఏటా స్వామి రథానికి ముందు రోజు, సాయంత్రం నాలుగింటికి, గల్లీవాళ్లు మగ్గం మీద నేసిన కొత్త వస్త్రం గుడికి బయలుదేరుతుంది. అది పోయేది ఆ గల్లీ కుర్రాడు శ్రీనివాస్ వాళ్ల నాయన మోటార్‌సైకిల్ మీదే. ముప్పై ఏళ్ల బండి. పెద్దాయన మొన్న చలికాలంలో స్వామి దగ్గరికి వెళ్లిపోయాడు, బండేమో నీలం పొగ కక్కుతూ నాలుగడుగులకోసారి ఆగిపోతోంది. "నాయన ఎట్లాగూ లేడు, ఈ సారి బండన్న ఉండాలె కాకా" అని శ్రీనివాస్ కళ్లనీళ్లు పెట్టుకుంటే, "వాల్వులు అరిగినయ్ బిడ్డా, నేను లేనా?" అని రొమ్ము చరుచుకుని పెంటప్ప దాన్ని తన ఇంటి ముందరికి తోసుకుపోయాడు.

నలభై ఏళ్లు మరమగ్గాలు బాగుచేసిన మనిషి. చెయ్యి మంచిదే, నోరే పెద్దది. ఇంజన్ హెడ్డు విప్పాడు, అరిగిన వాల్వులు తీసేసి కొత్తవి తెచ్చాడు, పేస్టు రాసి రుద్ది కుదురుగా కూర్చోబెట్టాడు. అంతా బాగానే ఉంది. స్ప్రింగు పైకి లేవకుండా వాల్వును పట్టుకునే లాకులని ఉంటాయి, వాల్వుకు రెండు చొప్పున నాలుగు. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని మూడు పెట్టి నాలుగోది పెట్టబోతుంటే స్ప్రింగు జారింది, లాకు ఎటో ఎగిరిపోయింది. అరుగంతా ఊడ్చాడు, మోరీలో అయస్కాంతం తిప్పాడు, చెప్పులు దులిపాడు. పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని, లోపలి టీవీలో సీరియల్ మీది నుంచి కన్ను తియ్యకుండా బీడీలు చుడుతున్న భార్య చంద్రభాగ, "ఏం పోయింది?" అంటే, "ఏం పోలే" అన్నాడు. పోయిందంటే పోగొట్టినట్టే కదా! దుకాణంలో అడిగితే, అంత పాత బండి లాకు పుణె నుంచి రావాలి, రెండు రోజులన్నారు. వస్త్రం పోయేదేమో ఈ రోజు సాయంత్రమే.

అట్లాంటి సమయంలో శ్రీనివాస్ వచ్చి బల్ల మీద పక్కనే కూర్చుని, "కాకా, బండి అయిందా?" అన్నాడు.

పెంటప్ప చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. స్వామిని తలుచుకున్నాడు. తర్వాత నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయిందా ఏంది బిడ్డా! వాల్వు పనంటే ఏమనుకున్నవ్? నీ బండి ముచ్చట చెప్తే నీకు సమజ్ గాదు, ముందు హోట్గి రోడ్డు బండి ముచ్చట విను. ఓంకార్, ఇంకో కట్టింగ్ చాయ్ పొయ్యి. నాలుగేండ్ల కింద హోట్గి రోడ్డు కాలనీల ఒగాయన, గిట్లనే పాత బండి, గిట్లనే నీలం పొగ, పది మంది మిస్త్రీలు చెయ్యి వెట్టి వొదిలేసిండ్రు. నేను పోయిన. హెడ్డు విప్పి వాల్వు తీసి అద్దం మీద దొర్లిచ్చి చూసిన, వంకర. పారేసిన. కొత్తది వెట్టి పేస్టు రాసి రెండరచేతుల నడుమ కవ్వం తిప్పినట్టు తిప్పుతున్న, తిప్పుతున్న. మూసి పైన గ్యాస్‌నూనె పోసిన. ఒక్క బొట్టు కారలే. బొట్టు ఏంది, వాసన గూడ దాటలే!"

"ఖరంచ్? నిజమేనా?" అన్నాడు ఓంకార్, చాయ్ వడకడుతూ.

"స్వామి సాక్షి! ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఆ ముచ్చట ఎట్ల పాకిందో ఏమో, తెల్లారి జీపుల ఒక పెద్ద సాహెబ్ దిగిండు. 'పెంటప్పా, మా ఆనకట్ట గేట్లకు గూడ గిట్లనే జర పేస్టు రుద్దిపో' అని చేతులు వట్టుకున్నడు. నేను రానన్న. ఎందుకు రానన్న? హోట్గి రోడ్డాయన బండి ఇంకా స్టార్టు జెయ్యలే కదా, ఒప్పుకున్న పని సగంల ఇడిస్తె పాపం గాదా?"

"మా బండి గూడ ఒప్పుకున్న పనే కదా కాకా..." అని శ్రీనివాస్ మెల్లగా అన్నాడు.

పెంటప్ప ఆ మాట వినపడనట్టు బశిలో చాయ్ పోసుకుని జుర్రుకున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం జేబు కుట్లలో ఇంకా వెతుకుతూనే ఉంది.

"బండి స్టార్టు జేసిన. కిక్కు కొట్టలే బిడ్డా, కాలు లేపినంతే, భయానికి అదే స్టార్టు అయింది. గంతల ఏమైంది? కరెంటు పోయింది! పక్క కార్ఖానల నలభై మగ్గాలు ఠప్పున నిలవడ్డయ్. సేటు నెత్తి కొట్టుకుంటుండు, రేపే మాల్ పోవాలె. నేనన్న, సేటూ, గాబరా గాకు. బండిని లోపలికి తీసుకపోయి, ఎనక చక్రానికి పట్టా కట్టి, మగ్గాల షాఫ్టుకు ఎక్కిచ్చిన. ఒక్క బండి, నలభై మగ్గాలు! చద్దరు నేస్తుంటె చద్దరు బయటికి వస్తనే ఉంది. బందు జేస్తె బందు గాదు. వాల్వు గట్ల కూసుంది మరి! చద్దరు గేటు దాటింది, హోట్గి రోడ్డు దాటింది, అక్కల్‌కోట్ దాకా పోయింది. తొవ్వ పొడుగునా ఆడోళ్లు దాని మీద పాపడ్‌లు ఎండవెట్టుకున్నరు."

"ఏ బాబా," అన్నాడు ఓంకార్, "అక్కల్‌కోట్‌ల మా అత్తగారిల్లు. ఏ చద్దరు కనవడలే."

"నువ్వు పోయేటాళ్లకు మడత వెట్టినం."

ఓంకార్ నవ్వాపుకోలేక గిన్నె మీదికి వంగాడు. శ్రీనివాస్ నవ్వలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. "కాకా, అందరు తయారుగున్నరు. బండి రాకుంటె పక్క గల్లీ వాళ్ల టెంపోల పంపుతమంటుండ్రు. నాయన ఇరవై ఏండ్లు మోసిన వస్త్రం. అయింది అను, లేదంటె లేదను. నేను పోయి చెప్త."

లేదు. రెండే అక్షరాలు. పెంటప్ప పెదవుల దాకా వచ్చాయి కూడా. కానీ చాయ్ బండి దగ్గర అప్పటికి ఆరుగురు చేరారు, ఆరుగురూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. అంతమంది వింటుంటే ఆయన ఎన్నడూ చిన్న మాట మాట్లాడి ఎరగడు.

"టెంపోనా!" అని లేచి నిలబడ్డాడు. "యముడే నా ముందట ఓడిపోయిండు, టెంపో ఒక లెక్కనా? గా మగ్గాల కాడనే, అందరు చూస్తుండంగ వచ్చిండు యముడు, దున్నపోతు మీద. 'ఈ బండికి ముప్పై ఏండ్లే రాసి ఉంది, నిండినయ్, తీస్కపోత' అన్నడు. మన స్వామి లింగాన్ని ఎట్ల వట్టుకున్నడో, నేను గట్ల పెట్రోల్ ట్యాంకును కావలిచ్చుకున్న. పాశం ఇసిరిండు. హ్యాండిలుకు సుట్టుకుంది. నేను గేరు ఏసి గుంజిన. యముడు, పాశం, దున్నపోతు, మూడూ నా ఎనక! హోట్గి రోడ్డు పొడుగునా ఉరికిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? దున్నపోతు నురగలు కక్కుకుంట నిలవడ్డది. ముక్కులకెల్లి నీలం పొగ! యముడు దిగి దండం వెట్టిండు. 'పెంటప్పా, నీ బండికి ఇంకో ముప్పై ఏండ్లు రాసిస్త, జర నా దున్నపోతు వాల్వులు గూడ చూడు' అన్నడు."

"చూసినవా?" అని వెనక నుంచి ఒక ఆడగొంతు అడిగింది.

"చూసుడేంది! దాని హెడ్డు గూడ విప్పిన!" అన్నాడు పెంటప్ప వెనక్కి తిరక్కుండానే. అంత ఊపులో ఉన్నాడు.

"విప్పినోనివి, మల్ల మూసినవా?"

"మూసిన! నాలుగుకు నాలుగు లాకులు పెట్టి మూసిన. ఒక్కటి జారలే, ఒక్కటి పోలే. నలభై ఏండ్లల్ల ఈ చేతులకెల్లి ఒక్క ఇనప ముక్క గూడ కింద వడలే!"

అందరూ పెంటప్ప భుజం మీదుగా చూస్తున్నారు. ఆయనా తిరిగాడు. కంపెనీలో బీడీలు అప్పజెప్పి వస్తున్న చంద్రభాగ, ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి ఒక బీడీ తీసింది. మామూలు బీడీ కాదు, ఏడో నెల గర్భిణిలాగా నడుమ ఉబ్బిన బీడీ.

"ఇయ్యాల కంపెనీల బీడీలు చూసే చెకర్ దీన్ని చేతుల వట్టుకుని తూచిండు, నా మొకం చూసిండు. 'కాకూ, ఇది బీడీనా, బందూకా?' అన్నడు. ఇరవై ఏండ్లల్ల నా బీడీ ఒక్కటి వాపస్ రాలే."

అని బీడీని పెంటప్ప బశి మీద పట్టుకుని నడుమకు విరిచింది. పొగాకు రాలింది. వెనకే, టింగుమని, గోరంత ఇనప ముక్క.

పొయ్యి మీద చాయ్ పొంగి మంటలో పడినా ఓంకార్ చూసుకోలేదు. పెంటప్ప బశిని రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. సిగ్గు కన్నా ముందు ఆయన కళ్లలో నీళ్లే తిరిగాయి. స్వామీ, దొరికింది!

శ్రీనివాస్ వంగి చూశాడు. "ఇది మా నాయన బండిదేనా కాకా?"

"నీదే బిడ్డా," అన్నాడు పెంటప్ప. ఆ పూట ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది. "నిన్నటిసంది దేవులాడుతున్న. ఇదొక్కటి పెడితె పనయిపోయినట్టే."

పదకొండున్నర అయింది. వస్త్రం బయలుదేరడానికి ఇంకా టైముంది. పెంటప్ప ముక్కను తీసుకోబోయాడు. చంద్రభాగ ఆయన చెయ్యి పక్కకు నెట్టి, దాన్ని చీర చెంగుతో తుడిచి శ్రీనివాస్ అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"యముని దున్నపోతు సంగతి యముడు చూసుకుంటడు. ముందు నీ బండి హెడ్డు మూపియ్యి. దీన్ని మాత్రం నువ్వే వట్టుకుని నడువు బిడ్డా, ఆయన చేతిల పెట్టకు. మల్ల కథల పడిపోతది."