రాని సారు గంటలు

"తాతా, మా మెడికల్ కాలేజీల ఏ పాఠానికి ఎన్ని గంటలో ఎవరు తేలుస్తరు?"

మంచిగడిగినవ్ బిడ్డా, కూసో. శంషాబాద్ తొవ్వల ఒక మెడికల్ కాలేజీ ఆఫీసుల నేను సూపరింటెండెంటుగ ఉంటి. తొంభైల మాట. అప్పుడు ఎయిర్‌పోర్టు ఎక్కడిది, అంత ద్రాక్షతోటలు. కిలో ద్రాక్షకు ఇచ్చిన పైసలకు ఇప్పుడు చాక్లెట్ గూడ... సరే, అది విడువు.

పాఠాల కమిటీ అని ఉండె. ప్రొఫెసర్లంత కూసుందురు. గంటలు గవ్వే, అందరికీ ఇంకిన్ని గావాలె. ఎదురుంగ కూసున్నోనివి కొయ్యాలంటే మొఖమాటం. అందుకే డీన్ సారు ఒక రివాజు పెట్టిండు: ఆ పూట రానోళ్ల గంటలు కొయ్యాలె. ఇగ జరమొచ్చినా వస్తుండ్రి. బయోకెమిస్ట్రీ సారైతే బిడ్డ లగ్గం పందిట్లకెల్లి లేచొచ్చిండు, నెత్తిమీద అక్షింతలు గట్లనే ఉండె.

రానిది శామ్యూల్ సారొక్కడే. బుద్వేల్ ఆయన. పిల్లలను తోల్కపోయి హిమాయత్ సాగర్ దిక్కు ఒక ఊరి దవాఖానల రోగులను చూపెడుతుండె. చదువు చెప్పవట్టి మీటింగుకు రాడు, రాడు గనుక ఆ చదువు గంటలే కోస్తరు. కోసి కోసి, ఆఖరికి ఊరికి పోవుడే బంద్ పెట్టి, కాలేజీల ప్లాస్టిక్ బొమ్మల మీదనే నేర్పుదమన్నరు.

నస్రీన్ అని మా కాలేజీల చదివే శంషాబాద్ పిల్ల, వాళ్ల అబ్బకు టైర్ల దుకాణం, నా టేబుల్ కాడికొచ్చింది.

"బొమ్మ చెయ్యి వణకది సార్. మా నానీ ముసలిది, ఆమె చెయ్యి వణుకుతది. ఎట్ల పట్టుకోవాలెనో ఎవరు నేర్పుతరు?"

నేనేం చేస్త? గని మీటింగు నోటీసు కొట్టేది నేనే గద. ఈసారి ఆ ఊరి దవాఖానల్నే పెట్టిన. తనిఖీకి వచ్చేటోళ్లు మెచ్చుకుంటరంటే డీన్ సారు ఒప్పుకున్నడు. తీరా ఆ పొద్దు ఆయనే రాలే. తొవ్వంత దుమ్ము, కారేమో కొత్తది.

ప్రొఫెసర్లు దిగంగనే పెద్ద డాక్టర్లొచ్చిన్రని ఊరోళ్లు లైను కట్టిన్రు. ఒక ముసలమ్మ అనాటమీ సారుకు చెయ్యి చాపింది. ఆయన బతికున్నోళ్ల చెయ్యి పట్టి ఎన్నేండ్లయిందో, పాపం, వెతుకుతనే ఉన్నడు.

"నాడి దొరుకుతలేదా సారూ? సచ్చిన్నా ఏంది?" అన్నది ముసలమ్మ.

నస్రీన్ జర పక్కకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నది.

లైను పెరగవట్టె, మీటింగు జల్ది షురూ జేసిన్రు. ఎవరివి కొయ్యాలె? శామ్యూల్ సారు అక్కడ్నే ఉన్నడు. లేనిది డీన్ సారు. ఆయనది సర్జరీ, గంటలు మస్తు, సగం చెప్పనే చెప్పడు. బయోకెమిస్ట్రీ సారే డీన్ సారు గంటల మీద గీత గొట్టి, "రివాజు రివాజే" అన్నడు.

తెల్లారి డీన్ సారు పిలిస్తే నౌకరి పోయిందనుకున్న. తను పెట్టిన రివాజాయె, ఎట్ల కాదంటడు? గంటల కాయితం మీద సంతకం జేసి, "ఇగ మీటింగులన్ని నా రూముల్నే" అన్నడు.

ఆ ఏడు పిల్లలు ఊరికి పోయిన్రు. మళ్ల ఏడంటవా? మీటింగు నాడు శామ్యూల్ సారు రాలే. ఊర్ల జరాలు లేసినయి, ఎట్లొస్తడు...

సల్లగుండు బిడ్డా. నీకు గసొంటి సారే దొరకాలె.